హారం తెలియకుండా అంకె చదవలేము: శ్వాసకోశ వైరస్‌ల నిఘాకు కొత్తవారిని తయారు చేయడం గురించి

జిల్లా సర్వైలెన్స్ (వ్యాధుల నిఘా) విభాగంలో కొత్తగా చేరిన ఎపిడెమియాలజిస్టుకు, అంటే జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో లెక్కగట్టే నిపుణుడికి, మొదటి ఏడాది ఏమి నేర్పాలని ఎవరు అడిగినా నా సమాధానం చాలాకాలంగా ఒక్కటే. ఒకే జిల్లాలో, వానాకాలం నుండి మళ్లీ వానాకాలం వరకు ఉంచి, జ్వరం, దగ్గు అంకెల కింద ఉండే హారం (డినామినేటరు), అంటే ఎందరిలో ఇందరు అన్నది, ఎలా తయారవుతుందో నేర్పాలి. గ్రాఫులు గీయడం, గణిత నమూనాలు కట్టడం ఆ తరువాతి సంగతి; నిజానికి ఇప్పుడు వస్తున్న యువతలో చాలామంది అవి నేర్చుకునే వస్తున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సామాజిక వైద్యం బోధిస్తూ, ఎం.డి. విద్యార్థులతోనూ, ఎం.పి.హెచ్. (ప్రజారోగ్యంలో పీజీ) చదివి కాంట్రాక్టు పోస్టుల్లో చేరిన వారితోనూ కలిసి పనిచేస్తూ చూసినదాన్ని బట్టి ఈ మాట అంటున్నాను. ఎపిడెమిక్ కర్వ్‌ను (కేసులు కాలంతో పెరిగి తగ్గే తీరును చూపే గీతను) నిమిషాల్లో గీయగలిగిన యువకుడిని, ఫలానా పీహెచ్‌సీలో ఈ వారం జ్వరం కేసులు సగానికి ఎందుకు తగ్గాయని అడిగితే, అతను వైరస్ తగ్గడానికి కారణాలు వెతుకుతాడు. అక్కడ నిఘా విభాగం ఆన్‌లైన్ పోర్టల్‌లో కేసులు ఎక్కించే ఫార్మసిస్టు ఆ వారం సెలవులో ఉన్నాడేమోనన్న అనుమానం అతనికి రాదు. ఆ అనుమానం పుట్టే చోటికి మనం అతన్ని ఎప్పుడూ తీసుకుపోలేదు కాబట్టి రాదు.

హారం అంటే ఇక్కడ జనాభా లెక్క ఒక్కటే కాదు. ఆ వారం ఓపీకి ఎందరు వచ్చారు, వారిలో ఎందరిని జ్వరం గురించి అడిగారు, ఎందరికి థర్మామీటరు పెట్టి చూశారు, ఎందరి నుండి స్వాబ్ తీశారు, తీసిన వాటిలో ఎన్ని చెడిపోకుండా ల్యాబుకు చేరాయి, ఎన్నింటిని పరీక్షించారు, అసలు ఎన్ని ఆస్పత్రులు ఆ వారం నివేదిక పంపాయి: ఇవన్నీ హారాలే. పాజిటివ్‌గా తేలిన సంఖ్య వీటిలో దేని మీద నిలబడి ఉందో తెలిసినప్పుడే అది సమాచారం అవుతుంది.

దీని విలువ మన జిల్లాలకు అనుభవంలో తెలిసినదే. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే, ఇటలీ నుండి వచ్చిన ఒక యువకుడిలో నిర్ధారణ అయింది. ఆ తరువాతి నెలల్లో బులెటిన్‌లోని కేసుల సంఖ్య పెరిగిన రోజు భయపడ్డాం, తగ్గిన రోజు స్థిమితపడ్డాం. కానీ మొదట్లో పరీక్షలు విదేశాల నుండి వచ్చిన వారికే. తరువాత వారి కాంటాక్టులకు. ఆ తరువాత లక్షణాలున్న వారికి, సంజీవని బస్సుల దగ్గర వరుసలో నిలబడిన వారికి. పరీక్ష కూడా ఒకటే కాదు: ఆర్‌టీ-పీసీఆర్, ట్రూనాట్, ర్యాపిడ్ యాంటిజెన్, మూడింటి సున్నితత్వం, అంటే ఉన్న వైరస్‌ను పట్టుకునే శక్తి, మూడు రకాలు. హారం ఇన్నిసార్లు మారిన శ్రేణిని ఒకే గీతగా గీసి, ఎక్కిందనీ దిగిందనీ మాట్లాడుకున్నాం. ఆనాటి ఒత్తిడిలో అంతకన్నా మెరుగ్గా చేయడం కష్టమేమో గాని, ఈనాడు తీరికగా శిక్షణ ఇస్తున్నప్పుడు కూడా అదే పద్ధతి నేర్పడం మాత్రం సరికాదు.

ఒక అంకె పుట్టే దారిని మొదటి నుండి నడిచి చూపించడమే శిక్షణలో నా దృష్టిలో ప్రధాన భాగం. కోవూరు దగ్గర పల్లెలో వరినాట్లకు పోయే ఒక మహిళకు జ్వరం, దగ్గు వచ్చాయని అనుకుందాం. మొదటి రోజు కషాయంతో గడుపుతుంది. రెండో రోజు మెడికల్ షాపులో నాలుగు మాత్రలు అడిగి తెచ్చుకుంటుంది. మూడో రోజు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే, కూలి పోయినా ఫరవాలేదనుకుంటే, పీహెచ్‌సీకి వస్తుంది. అక్కడ ఓపీ చీటీ మీద వైద్యాధికారి రాసేది ఒక్కోసారి జ్వరం అని, ఒక్కోసారి దగ్గు, జలుబు అని, ఒక్కోసారి కేవలం మందుల పేర్లు. ఆ చీటీ నుండి రిజిస్టరుకు, రిజిస్టరు నుండి పోర్టల్‌కు ఎక్కే లోపల అది ఏ గడిలో పడుతుందన్నది ఎక్కించే మనిషి అలవాటు మీద ఆధారపడుతుంది. ఈ మహిళ మన లెక్కలోకి వచ్చిందంటే ఇన్ని గడపలు దాటి వచ్చిందన్నమాట. ఈ దారిని ఒక్కసారైనా కాళ్లతో నడవని ఎపిడెమియాలజిస్టు, పోర్టల్‌లోని సంఖ్యను ఆ ఊరి జ్వరంగా పొరబడతాడు.

2004లో ఐడీఎస్‌పీ (సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం) మొదలైనప్పటి నుండి ఈ దారికి ఒక రూపం ఉంది: ఆరోగ్య కార్యకర్త నింపే ఎస్ ఫారం, వైద్యాధికారి నింపే పీ ఫారం, ల్యాబు నింపే ఎల్ ఫారం. 2021లో ఐహెచ్‌ఐపీ (సమగ్ర ఆరోగ్య సమాచార వేదిక) వచ్చాక వారానికొకసారి వచ్చే మొత్తాల స్థానంలో ఒక్కొక్క కేసు వివరాలు కంప్యూటరులో, ట్యాబులో నమోదవుతున్నాయి. ఇది మంచి మార్పు, సందేహం లేదు. అయితే నమోదు వేగం పెరిగినంత మాత్రాన నమోదయ్యే నిర్ణయం నాణ్యత పెరగదు. ఏఎన్‌ఎం అనుమానం, డాక్టరు అంచనా, ల్యాబు నిర్ధారణ అనే మూడు పొరలు మూడు రకాల ప్రశ్నలకు సమాధానాలు; వాటిని కలిపి ఒకే అంకెగా చదవకూడదన్నది కొత్తవారు మొదటి నెలలోనే వంటబట్టించుకోవాలి.

ఇన్‌ఫ్లుయెంజా వంటి జబ్బుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనం చూడడానికి చాలా సులభం: కొలిచిన జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి, దగ్గు, మొదలై పది రోజుల లోపు. తీవ్రమైన శ్వాసకోశ సంక్రమణకు జ్వరం ఉన్నట్టు రోగి చెప్పినా చాలు, కానీ ఆస్పత్రిలో చేర్చవలసిన స్థితి ఉండాలి. విద్యార్థులు దీన్ని పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. చీమకుర్తి గ్రానైటు క్వారీల దగ్గరి పీహెచ్‌సీలో కూర్చోబెడితే తెలుస్తుంది ఇది ఎంత చిక్కుముడో. అక్కడ రాతి దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసి దగ్గుతున్న మనిషికి ఇవాళ మలేరియా వల్లో డెంగీ వల్లో జ్వరం వస్తే, దగ్గు ఉంది, జ్వరం ఉంది, నిర్వచనం కాగితం మీద సరిపోతుంది. కొండపి వైపు పొగాకు బ్యారన్‌ల దగ్గర ఆకు క్యూరింగు చేసే రోజుల్లో దగ్గుతో వచ్చేవారి విషయమూ అంతే. ఆ దగ్గు కొత్తదా, పాతదా, పెరిగిందా అని అడగడం రాని చేత్తో నింపిన ఫారం ఎంత తాజాగా పోర్టల్‌కు చేరినా ప్రయోజనం తక్కువ. దీనికి ఎదురు పక్క కూడా ఉంది: ఆర్‌ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్ సోకిన పసిపిల్లల్లో చాలామందికి జ్వరమే ఉండకపోవచ్చు. అందుకే ఆర్‌ఎస్‌వీ నిఘాకు జ్వరం తప్పనిసరి కాని విస్తృత నిర్వచనాన్ని వాడతారు. ఒకే వార్డులో ఒకే బిడ్డ ఒక నిర్వచనంలో కేసు, మరో నిర్వచనంలో కాదు. ఏ ప్రశ్న కోసం ఏ నిర్వచనం ఎంచుకున్నామో చెప్పగలగడం ఎపిడెమియాలజిస్టు కనీస అర్హత.

ఊరూరా తిరిగే 104 వైద్య వాహనం ఊరికి వచ్చే రోజు సంగతి చూడండి. ఆ రోజు బీపీ, షుగరు మాత్రల కోసం వచ్చిన పెద్దవారు పనిలో పనిగా నాలుగు రోజుల నుండి ఉన్న దగ్గు సంగతి కూడా చెబుతారు. వాహనం వచ్చిన వారం ఆ ఊరి అంకె లేస్తుంది, రాని వారం పడుతుంది. తేదీల పట్టిక పక్కన పెట్టుకోకుండా ఆ గీత చూసినవారికి అక్కడ వైరస్ అలలు అలలుగా వస్తున్నట్టు కనబడుతుంది.

స్వాబ్ తీసే చోట మరో ప్రలోభం ఉంటుంది, ఇది తెలివైన పిల్లల్లోనే ఎక్కువ. ల్యాబు నుండి అన్నీ నెగెటివ్ వస్తుంటే పని వృథా అవుతున్నట్టు అనిపించి, చూడగానే ఫ్లూ అనిపించే రోగుల నుండే శాంపిళ్లు తీయడం మొదలుపెడతారు. పాజిటివిటీ శాతం పెరుగుతుంది, అందరికీ సంతోషంగా ఉంటుంది, ఆ శాతానికి మాత్రం అర్థం పోతుంది. సెంటినెల్ కేంద్రంలో (నిఘా కోసం ప్రత్యేకంగా ఎంచుకున్న ఆస్పత్రిలో) ముందే అనుకున్న నియమం ప్రకారం, ఉదాహరణకు నిర్వచనానికి సరిపోయిన ప్రతి ఐదో రోగి నుండి, ముఖం చూడకుండా తీయాలి. నెగెటివ్ ఫలితం కూడా ఫలితమే. మార్చిలో ఇన్‌ఫ్లుయెంజా లేదని నమ్మకంగా చెప్పగలిగినవారికే అక్టోబరులో ఉందని చెప్పే అధికారం ఉంటుంది. తీసిన శాంపిల్‌ను వీటీఎంలో (వైరస్ చెడిపోకుండా ఉంచే ద్రవంలో) ఉంచి 2 నుండి 8 డిగ్రీల మధ్య మూడు రోజుల లోపల ల్యాబుకు చేర్చాలి; కుదరకపోతే మైనస్ 70 డిగ్రీల ఫ్రీజరు కావాలి. రోహిణి కార్తె ఎండల్లో ఉదయగిరి నుండి నెల్లూరుకు, గిద్దలూరు నుండి ఒంగోలుకు బస్సులో వచ్చే డబ్బాలో ఐస్‌ప్యాకులు ఏ ఊరి దగ్గర కరిగిపోతాయో తెలుసుకోవడానికి, ఆ డబ్బాతో పాటు ఒకసారి ప్రయాణం చేయడం కన్నా మంచి పద్ధతి లేదు. వేసవిలో పాజిటివ్‌లు తగ్గడంలో వైరస్ వాటా ఎంతో, ఎండ వాటా ఎంతో విడదీయాలంటే ఈ ప్రయాణం చేసి ఉండాలి. నేను ప్రతి బ్యాచ్‌నూ ఈ ప్రయాణానికి పంపుతాను.

ఆస్పత్రి వార్డుల్లో హారం మరీ జారిపోతుంది. నెల్లూరు పొగతోట ఆస్పత్రుల్లో చేరేవారు నెల్లూరు జిల్లా వారే కానక్కర లేదు. ప్రకాశం దక్షిణ ప్రాంతం నుండి, కడప వైపు నుండి కూడా వస్తారు. మన జిల్లా వారిలో స్తోమత ఉన్నవారు చెన్నైకి, మరికొందరు తిరుపతికి పోతారు. దీనికి తోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు కందుకూరు నెల్లూరులో కలిసింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయాయి, చీరాల బాపట్లకు పోయింది. 2021 అంకెలను 2023 అంకెలతో పోల్చిన విద్యార్థి ఒకరు నెల్లూరు తీరంలో ఒక తగ్గుదలను కనిపెట్టినట్టు నాకు చూపించారు. తగ్గింది వైరస్ కాదు, తీరమే తగ్గింది. పటం మారిన ప్రతిసారీ పాత అంకెలను మండలాల వారీగా విప్పి, కొత్త సరిహద్దుల ప్రకారం మళ్లీ కూర్చడం విసుగు పుట్టించే పని. ఆ విసుగును ఓర్చుకోవడం కూడా శిక్షణలో భాగమే.

ఏడాది పాటు ఒకే చోట ఉండాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం మన వానలు. భారతదేశంలో చాలా ప్రాంతాల్లో ఇన్‌ఫ్లుయెంజా నైరుతి రుతుపవనాలతో పాటు జులై నుండి సెప్టెంబరు మధ్య పెరుగుతుంది. శ్రీనగర్‌లో చలికాలంలో పెరుగుతుంది. చెన్నై, వేలూరులలో ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు, నవంబరులలో పెరుగుదల కనిపించింది. నెల్లూరుకు ప్రధానమైన వాన అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసేదే, ఈ విషయంలో మనం చెన్నై వైపు వాళ్లం. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల వాన తీరు వేరు. మరి మన ప్రాంతంలో ఫ్లూ కాలం ఏది? తీరానికీ పడమటి మండలాలకూ ఒకే కాలమా? రాష్ట్రం మొత్తానికి గీసిన సగటు గీత ఈ ప్రశ్నకు సమాధానం చెప్పదు. టీకా ఎప్పుడు వేయించుకోవాలని ఆస్తమా ఉన్న వృద్ధుడు అడిగినా, వార్డులో పడకలు ఎప్పుడు సిద్ధంగా ఉంచాలని సూపరింటెండెంటు అడిగినా, సమాధానం ఇక్కడి లెక్కల నుండే రావాలి. సోమశిలలో నీటిమట్టం రోజూ రాసుకునేవారికే వరద ఎప్పుడు అసాధారణమో తెలిసినట్టు, మామూలు వారాల్లో మామూలు అంకెలు ఓపికగా రాసుకున్నవారికే అసాధారణం కంటబడుతుంది. మూడు నెలల కోర్సులో చేరి వెళ్లిపోయినవారు ఒక రుతువునే చూస్తారు. పైగా ఆ రుతువులోనే డెంగీ జ్వరాలు కూడా ఉంటాయి. వాటి నీడ ఏదో, ఫ్లూ నీడ ఏదో ఒక్క రుతువులో తేలదు.

2025 జనవరిలో హెచ్ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ గురించి దేశమంతా కలవరపడినప్పుడు ఈ ఓపిక విలువ బయటపడింది. ఆ వైరస్‌ను 2001లోనే గుర్తించారు, అది మనుషుల మధ్య అంతకుముందు నుండే తిరుగుతూ ఉంది. బెంగళూరులో రెండు కేసులు బయటపడ్డది కూడా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మామూలుగా జరిపే నిఘాలోనే. శ్వాసకోశ జబ్బుల్లో అసాధారణ పెరుగుదల లేదని కేంద్రం ధైర్యంగా చెప్పగలిగింది, పోల్చడానికి వెనుకటి అంకెలు చేతిలో ఉన్నాయి కాబట్టే. ఆ వారంలో మన జిల్లాలో ఒక విలేకరి ఇక్కడ పెరుగుదల ఉందా అని అడిగితే జిల్లా అంకెలతో జవాబు చెప్పగలిగిన యువ అధికారిని తయారు చేయడమే నా కోరిక.

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగను నేను ప్రత్యేకమైన పాఠంగా భావిస్తాను. మొహర్రం నెలలో, కర్ణాటక, తమిళనాడు, తెలంగాణల నుండి కూడా వచ్చే జనంతో జరుగుతుంది. చాంద్రమానం ప్రకారం జరిగేది కనుక ప్రతి ఏడాదీ సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024, 2025లలో జులైలో పడింది. కాబట్టి నిరుటి అదే వారంతో పోలిక ఇక్కడ చెల్లదు. సోకినవారిలో చాలామంది లక్షణాలు కనిపించేలోపు సొంత ఊళ్లకు చేరిపోతారు, వారి జ్వరం బళ్లారిలోనో వేలూరులోనో నమోదవుతుంది. ఘాట్ల దగ్గరి వైద్య శిబిరంలో కూర్చుని, వచ్చినవారి ఊరి పేరు రాసుకుని, పక్క రాష్ట్రాల జిల్లా అధికారులకు ఫోను చేసి వారం తరువాత కబురు అడిగే పని ఏ సాఫ్ట్‌వేరూ చేయదు.

పక్షుల సంగతి కూడా ఈ శిక్షణలో ఉండి తీరాలి. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ కోళ్లు పెద్ద ఎత్తున చనిపోయి, భోపాల్ ల్యాబులో బర్డ్‌ఫ్లూగా నిర్ధారణ అయింది. నిబంధనల ప్రకారం కిలోమీటరు లోపల సోకిన ప్రాంతంగా, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా ప్రకటిస్తారు. కోళ్ల లెక్క పశుసంవర్ధక శాఖ దగ్గర ఉంటుంది; కోళ్లను పట్టుకున్న, పూడ్చిన మనుషుల లెక్క మన దగ్గర ఉండాలి. వారి పేర్లు, ఫోను నంబర్లు, జ్వరం వచ్చిందా లేదా అన్న రోజువారీ వివరం లేకపోతే, మనుషులకు సోకలేదు అన్న వాక్యానికి హారం లేదు. మరుసటి ఏడాది 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల బిడ్డ హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించింది. ఆ వార్త తరువాత ఈ పనిని అప్రధానమనే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. యువ ఎపిడెమియాలజిస్టు తన మండలంలోని పశువైద్యుడిని పేరుపెట్టి పలకరించగలిగే పరిచయంలో ఉండాలి.

ఇలాంటి శిక్షణకు నమూనా మన దేశంలో లేకపోలేదు. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ 2001 నుండి రెండేళ్ల క్షేత్ర ఎపిడెమియాలజీ కోర్సును నడుపుతోంది. ఢిల్లీలోని ఎన్‌సీడీసీ (జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం) 2012లో ఇండియా ఈఐఎస్ (ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్) శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. రెండింటిలోనూ ఎక్కువ కాలం క్షేత్రంలోనే గడుస్తుంది, ఒక నిఘా వ్యవస్థను స్వయంగా మదింపు చేయడం తప్పనిసరి పనుల్లో ఒకటి. నా అభ్యంతరం జిల్లాలకు చేరేసరికి మిగిలేదాని మీద: హోటలు హాలులో రెండు రోజుల వర్క్‌షాపు, స్లయిడ్లు, చివర ఫోటో, సర్టిఫికెట్టు.

రెండు వాదనలు నాకు ఎదురవుతుంటాయి. మొదటిది: జీనోమ్ సీక్వెన్సింగ్ (వైరస్ జన్యుక్రమం చదవడం), మురుగునీటిలో వైరస్‌ను వెతికే పరీక్షల కాలంలో ఓపీ రిజిస్టర్ల చుట్టూ తిప్పడం వెనుకబాటు కాదా? కాదు. ఏ శాంపిళ్లను సీక్వెన్సింగుకు పంపారన్నదీ, ఏ కాలువ నీరు ఏ వీధులదన్నదీ కూడా హారం ప్రశ్నలే, అవి తెలియకపోతే ఖరీదైన పరీక్ష తప్పుడు నమ్మకాన్ని ఇస్తుంది. రెండో వాదన బలమైనది, దానికి నా దగ్గర సులభమైన జవాబు లేదు. ఇవి కాంట్రాక్టు ఉద్యోగాలు; జీతం తక్కువ, పొడిగింపు ఏటా ఒక ప్రశ్న. జిల్లాను తెలుసుకున్న మనిషి తెలుసుకోగానే మరో ఉద్యోగానికి వెళ్లిపోతాడు. పోస్టులను శాశ్వతం చేయమనే నేను అడుగుతాను. కనీసం కాంట్రాక్టు కాలమైనా రెండేళ్లకు తక్కువ కాకుండా ఉండాలి.

అప్పటివరకు మన చేతిలో ఉన్నవి రెండు పనులు. ఒకటి, ప్రతి వారం ఒక పేజీ, తెలుగులో, నివేదిక పంపిన ప్రతి ఏఎన్‌ఎంకూ, ఫార్మసిస్టుకూ, వైద్యాధికారికీ చేరేలా రాయించడం. మీ పీహెచ్‌సీ నుండి ఈ వారం ఇంత వచ్చింది, జిల్లాలో ఇంత ఉంది, పరీక్షల్లో ఈ వైరస్ కనబడింది అని. సున్నా పంపినవారినీ, ఏమీ పంపనివారినీ అందులో వేర్వేరుగా చూపాలి; సున్నా అంటే చూశాం, లేదు అని, ఖాళీ అంటే చూశారో లేదో తెలియదు అని. తాను పంపిన అంకె ఎక్కడికి పోయిందో తెలిసిన కార్యకర్త మరుసటి వారం మరింత శ్రద్ధగా పంపుతుంది. ఇది నేను మళ్లీ మళ్లీ చూశాను. రెండోది, ఉద్యోగం వదిలిపోయే ఎపిడెమియాలజిస్టు తరువాత వచ్చేవారితో కొన్ని వారాలైనా కలిసి కూర్చుని, ఏ పీహెచ్‌సీ ఏ నెలల్లో వెనుకబడుతుంది, ఎందుకు, 104 తేదీలు ఏవి, ఏ బస్సులో శాంపిల్ డబ్బా వస్తుంది, ఏ ఆస్పత్రి రికార్డుల విభాగంలో ఎవరిని అడగాలి, ఏ మండలం ఎప్పుడు ఏ జిల్లాకు మారింది అన్నవన్నీ ఒక పుస్తకంలో రాసి చేతికివ్వడం. ఆ పుస్తకం పూర్తి చేయనిదే అనుభవ ధ్రువపత్రం ఇవ్వకూడదని జిల్లా అధికారులను కోరుతున్నాను.